పసుపు కింద పుండు

పసుపు రాసిన పాదాలు చూస్తే నాకు భయం. బతుకమ్మ పండుగనాడు ఆడవాళ్లంతా పాదాలకు నిండుగా పసుపు పూసుకుని కళకళలాడుతుంటే, నేను మాత్రం ఎవరి మడమ దగ్గర రంగు ముదిరి ఉంది, ఎవరి వేళ్ల సందున తడిగా ఉంది అని చూస్తూ నిలబడతాను. "టీచరమ్మ ఒక్కొక్కరి కాళ్లు మొక్కుకుంట పోతున్నది" అని మా వాడకట్టు వాళ్లు ఎగతాళి చేస్తారు. చేయనీ. నేను పుట్టు పిరికిదాన్నని నాకు తెలుసు, దాచుకోవలసిన పనీ లేదు.

ఇప్పుడు నాకూ షుగర్ ఉంది. రెండో కాన్పు తర్వాత వచ్చింది. జనగామలో మా ఇంట్లో రోజూ సాయంత్రం గడప మీద కూర్చుని, చేతి అద్దం కింద పెట్టి అరికాళ్లు చూసుకుంటాను. ముఖానికి బొట్టు సరిగ్గా ఉందో లేదో చూసుకోను కానీ అరికాలు చూడకుండా అన్నం తినను. నడుం లావెక్కుతోందని, బీపీ కూడా తోడయిందని, ఈ మూడూ ఒకదాన్ని ఒకటి పిలుచుకొస్తాయని డాక్టర్ చెప్పినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. నేను భయపడాల్సిందంతా అప్పటికే భయపడి ఉన్నాను. ఆ భయం నాకు మా అవ్వ దగ్గర పుట్టింది. మా దిక్కున కన్నతల్లిని అవ్వ అనే, తండ్రిని బాపు అనే పిలుస్తాం.

మాది మానుకోట దగ్గర, గూడూరు వైపు ఒక ఊరు. మానుకోటంటే మహబూబాబాదే, మా నోటికి ఇప్పటికీ ఆ పేరే వస్తుంది. బాపు పత్తి, మక్క వేసేవాడు. అవ్వ ఆయనకంటే ఎక్కువ పని చేసేది. మూడు పూటలా అన్నమే తినేది, అది కూడా గిన్నెడు. "అన్నం తినకుంటే నాగలి దున్నుతదా?" అనేది. షుగర్ అనేది కుర్చీలో కూర్చునేవాళ్లకు వచ్చే జబ్బని మా ఊళ్లో అందరి నమ్మకం. కాబట్టి అవ్వకు మాటిమాటికీ దాహం వేస్తున్నా, దొడ్లో ఆమె ఒంటికి పోయిన చోట చీమలు పడుతున్నా, ఎవరికీ అనుమానం రాలేదు. కళ్లు మసకలంటే మానుకోటకు తీసుకుపోయినప్పుడు రక్తం చూసి షుగర్ అన్నారు. గోళీలు ఇచ్చారు. ఆమె వాటిని తలనొప్పి గోళీల లెక్కనే వాడింది. నోరు ఎండినప్పుడు ఒకటి వేసుకునేది, బాగుందనిపిస్తే చూరులో చెక్కేది. "రోజూ మింగితే పెయ్యికి అలవాటయితది, అప్పుడు అవి లేకుంటే బతకలేం" అనేది. పెయ్యి అంటే మా దిక్కున ఒళ్లు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే, నేను ఎంత చెప్పినా వినేది కాదు.

దానికి తోడు పెద్దమ్మ సంగతి ఒకటి మా ఇంటి మీద కూర్చుని ఉండేది. అవ్వకు సొంత అక్క, భూపాలపల్లి పోయే తోవలో ఘనపూర్‌లో ఇచ్చారు. ఆమెకూ షుగరే. చేనులో తుమ్మముల్లు గుచ్చుకుంటే పట్టించుకోలేదు. దవాఖానకు తీసుకుపోయేసరికి కాలు నల్లబడిందని మోకాలి కిందికి తీసేశారు. అవ్వ పోయి నెలల తరబడి చాకిరీ చేసి వచ్చింది. లేని కాలి బొటనవేలు దురద పెడుతోందని పెద్దమ్మ ఏడ్చేదట, ఉత్త దుప్పటిని గోకమనేదట. అవ్వ దుప్పటినే గోకేది. తర్వాత ఎక్కువ కాలం పెద్దమ్మ బతకలేదు.

ఆ చావు నుంచి అవ్వ నేర్చుకున్న పాఠం వేరు. ముల్లు గుచ్చుకున్నప్పుడు అక్క నడిచింది, దవాఖానకు పోయాకే కాలు పోయింది. అంటే కాలు తీసింది ముల్లు కాదు, షుగర్ కాదు, దవాఖాన. "ముల్లుకు కాలు తీసిన్రు బిడ్డా. గోరుచుట్టుకు పోతే చెయ్యి తీస్తరు" అనేది. నవ్వుతూ అనేది కానీ ఆ నవ్వు కళ్ల దాకా వచ్చేది కాదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. నేను అప్పుడు జనగామలో ఒక ప్రైవేటు బడిలో చదువు చెప్పేదాన్ని. బళ్లు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. దొరికిన బండి ఎక్కి, దిగి, మళ్లీ ఇంకో బండి ఎక్కి నేను ఊరికి చేరాను. వచ్చేసరికి ఇంటికి తాళం. ఊరంతా రోడ్డు మీదే ఉంది.

ఆ రోజు వంటావార్పు. పెద్ద రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి, నడిరోడ్డు మీద మూడేసి రాళ్ల పొయ్యిలు వరసగా వేసి, ఊరి ఆడవాళ్లంతా అన్నాలు, పప్పు వండారు. అటు లారీలు, ఇటు లారీలు ఆగిపోయాయి. డ్రైవర్లకు కూడా విస్తళ్లు వేసి పెట్టాం. పెట్టినంతసేపూ నినాదాలే. బాపు గొంతు పోయింది, అయినా అరుస్తూనే ఉన్నాడు. నాకు కూడా ఆ రోజు గుండె ఉప్పొంగింది. మా యాసను సినిమాల్లో దొంగలకూ పనివాళ్లకూ అంటగట్టి నవ్వుకున్నవాళ్లు ఇప్పుడు వినాలి అనుకున్నాను. అటువంటప్పుడు భయం గుర్తుకు రాదు.

తిన్నాక పొయ్యిరాళ్లు పక్కకు దొర్లించి, నిప్పులూ బూడిదా చీపురుతో ఊడ్చేసి, ఆ రోడ్డు మీదే బతుకమ్మలు పెట్టారు. గునుగు, తంగేడు పూలు పొద్దున్నే తెచ్చి పేర్చినవి. బతుకమ్మ ముందర చెప్పులతో ఆడరు. అందరం చెప్పులు రోడ్డు పక్కన వదిలి గుండ్రంగా నిలబడ్డాం. ఆట మొదలైన కాసేపటికి ఒక్కొక్కరూ ఒకే చోట ఎగిరి పక్కకు తప్పుకోవడం మొదలుపెట్టారు. పొయ్యిలు ఉన్న జాగాలో తారు కాలిపోతూ ఉంది. పైన బూడిద ఊడ్చారు కానీ కింద సెగ అట్లాగే ఉంది. నాకు అక్కడ అడుగు పడగానే ప్రాణం జివ్వుమంది, గెంతుకుంటూ బయటికి వచ్చి చెప్పులు వేసుకున్నాను.

అవ్వ ఒక్కతే కదలలేదు. అందరూ ఆ జాగాను వదిలి వంకర తిరిగిపోతుంటే, ఆమె నేరుగా దాని మీదుగానే చప్పట్లు కొడుతూ తిరిగింది. ఒకసారి కాదు, ఆట అయిపోయేదాకా. మధ్యలో అక్కడే నిలబడి వంగి పాట కూడా అందుకుంది. ముఖం మీద చిన్న ముడత కూడా లేదు.

"ఓయమ్మో, సూడున్రే! అక్క పెయ్యిమీదికి అమ్మవారొచ్చింది" అని మా ఎదురింటామె అరిచింది. ఆమె అవ్వకు వరసకు చెల్లెలు. పరుగెత్తుకొచ్చి అవ్వ పాదాల మీద పసుపు చల్లి మొక్కింది. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా మొక్కారు. "నిప్పు కూడ మనదిక్కే ఉన్నదక్కా, ఇగ తెలంగాణ వచ్చినట్టే" అన్నారు.

అవ్వ మొదట తికమకపడింది. "నాకు కాలనే లేదు. సల్లగనే ఉన్నది" అంది. తర్వాత ఆమె ముఖంలో ఒక వెలుగు వచ్చింది. జీవితంలో ఎవరూ కాళ్లు మొక్కని మనిషికి మొక్కుతుంటే వెలుగు రాదా? నేను కూడా చూస్తూ నిలబడి గర్వపడ్డాను. తన పాదాల్లో కొన్నాళ్లుగా దూది కూరినట్టు ఉంటోందని, నడుస్తుంటే నేల ఎక్కడుందో తెలియడం లేదని ఆమె నాతో ఒక్కమాట కూడా అనలేదు. అది నాకు తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చాక బొబ్బలు చూసుకుని ఉంటుంది. ఆమె ఆలోచన ఎట్లా సాగిందో నేను ఊహించగలను. నిప్పు మీద నడిచినదానికి బొబ్బ వచ్చిందంటే మొక్కినవాళ్లు ఏమనుకుంటారు? బిడ్డకు చెబితే దవాఖాన అంటుంది. దవాఖాన అంటే కాలు. పైగా పండుగ రోజులు. నడిమి వయసు ముత్తైదువ పాదాలకు రోజూ పసుపు పూసుకుంటే అడిగేవాళ్లెవరు? పసుపు పుండుకు మందు కూడాను. అందుకని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పసుపు మెత్తింది. దాని మీదే కట్టెలు మోసింది, చేనుకు పోయింది, బతుకమ్మ ఆడింది. నొప్పి ఉంటే మనిషి కుంటుతుంది. ఆమె కుంటలేదు కాబట్టి మాకెవరికీ తెలియలేదు.

పండుగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మకు ముందు రోజు మధ్యాహ్నం అవ్వ అరుగు మీద కాళ్లు చాపుకుని మక్క కంకులు ఒలుస్తోంది. నేను ఎదురుగా కూర్చుని ఆమె చెప్పేది వింటున్నాను. ఆమె కుడి పాదం మీద ఈగలు వాలాయి. ఒకటీ అరా కాదు, బెల్లం గడ్డ మీద ముసిరినట్టు ముసిరాయి. అవ్వ మాట్లాడుతూనే ఉంది. చేతి మీద వాలిన ఈగను మాత్రం విదిలించింది. పాదం మీద వాటిని ఏమీ అనలేదు.

నా ఒళ్లు గగుర్పొడిచింది. ఎందుకో మొదట అర్థం కాలేదు. లేచి తడిగుడ్డ తెచ్చి పాదం పట్టుకున్నాను.

"ఏం జేస్తున్నవే? పండుగ పూట పసుపు తుడుస్తవా?" అని అవ్వ కాలు లాక్కోబోయింది.

"జర ఆగవ్వా."

పసుపు పెచ్చులుగా ఊడొచ్చింది. దాని కింద చర్మం లేదు. ముందు వాసన వచ్చింది, తర్వాత చీము. అరికాలు సగం తడిసిన అట్టముక్కలా ఉంది. చిటికెన వేలు, దాని పక్క వేలు నల్లగా ఉన్నాయి. పాదం అంతా ఉబ్బి, చీలమండ దాకా ఎర్రగా పాకింది. నేను గుడ్డతో పుండును నేరుగా ఒత్తుతున్నాను, అవ్వ మాత్రం మక్క గింజలు చేటలోంచి కింద పడుతున్నాయని చూస్తోంది. నాకు పుండు చూసి వచ్చిన భయం కంటే ఆ నిమ్మళం చూసి వచ్చిన భయం ఎక్కువ.

"బాపూ!" అని ఎట్లా అరిచానో నాకు తెలియదు. బాపు పరుగెత్తుకొచ్చి చూసి, గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాడు.

"ఏం గాలే. నొస్తలేదు గద" అంది అవ్వ.

"నొస్తలేదు గాబట్టే భయమయితున్నదవ్వా. లే, పోదాం."

"యాడికి?"

ఎక్కడికో ఆమెకు తెలుసు. చేట పక్కన పెట్టి రెండు చేతులతో అరుగు అంచు పట్టుకుంది. "నేను రాను. మా అక్కను తీస్కపోయినట్టు నన్ను తీస్కపోవద్దు. ఇంట్లనే సస్త. మొత్తం కాళ్లతోని సస్త" అంది. అట్లా అంటూ ఏడవలేదు, అరవలేదు. మామూలుగా చెప్పింది. నాకు కోపం వచ్చింది. నా భయం ఎప్పుడూ కోపం వేషం వేసుకునే బయటికి వస్తుంది. నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మవారు వచ్చిందని మొక్కిన వాళ్లనూ తిట్టాను, పసుపునూ తిట్టాను. చివరికి బాపు లేచి, అవ్వ వేళ్లను అరుగు మీది నుంచి ఒక్కొక్కటిగా విడిపించి, ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టాడు. ఆయన ఎత్తుకున్నప్పుడే తెలిసింది, అవ్వ ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది.

బస్సులు లేవు. ఊళ్లో ఉన్న ఒక్క ఆటోలో నర్సంపేట మీదుగా వరంగల్‌కు బయలుదేరాం. మా ఊరి రోడ్డు మీదే మొదటి అడ్డు. రాళ్లు, మొద్దులు, జెండాలు. మనవాళ్లే. నిన్నటిదాకా నేను కూడా అక్కడే కూర్చుని లారీలను ఆపాను. "ఏ బండీ పోదు" అన్నారు ముందు. తర్వాత ఎదురింటామె లోపలికి తొంగి చూసి, "అక్కా, నువ్వా?" అని నవ్వుతూ దగ్గరికొచ్చింది. అవ్వ కాలు నా ఒళ్లో ఉంది. ఆమె చూసింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. పసుపు చల్లి మొక్కిన పాదం అదే. వెనక్కి తిరిగి, తన చేతులతోనే రాళ్లు జరపడం మొదలుపెట్టింది. మిగతావాళ్లు కూడా వచ్చి జరిపారు. అవ్వ తల వంచుకుని కొంగుతో పాదం కప్పుకుంది. అంత జ్వరంలోనూ ఆమెకు సిగ్గు వేసింది.

తోవ పొడుగునా అట్లాంటి అడ్డులే. ప్రతిచోటా నేను దిగి, దండం పెట్టి, చెప్పి, మళ్లీ ఎక్కాను. ఎవరూ ఆపలేదు, కానీ ఆగిన ప్రతిసారీ ఆ ఎరుపు ఇంకాస్త పైకి పాకిందేమోనని చూసేదాన్ని. బాపు ముందు సీట్లో కూర్చుని ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నా చూపు మోకాలి మీదే ఉండేది. పెద్దమ్మకు అక్కడే తెగింది.

వరంగల్‌లో ఒక చిన్న దవాఖానలో చేర్చుకున్నారు. డాక్టర్ కాస్త పెద్దాయన. పుండు చూసి పెదవి విరవలేదు, మమ్మల్ని తిట్టలేదు. రక్తం తీయించి, సెలైన్ పెట్టించి, అవ్వతో "అమ్మా, కండ్లు మూసుకో. నేను కాలు ముట్టినప్పుడల్లా తగిలింది అని చెప్పు" అన్నాడు. చేతిలో సన్నటి దారం లాంటిదేదో పట్టుకున్నాడు.

అవ్వ కళ్లు గట్టిగా మూసుకుంది. డాక్టర్ మడమకు ఆనించాడు. అవ్వ ఏమీ అనలేదు. బొటనవేలికి ఆనించాడు. అప్పుడూ ఏమీ అనలేదు. గదిలో నిశ్శబ్దం ఎక్కువయ్యేసరికి ఆమెకు ఏదో తట్టినట్టుంది. "తగిలింది" అంది. అప్పటికి డాక్టర్ చెయ్యి గాల్లో ఉంది. "తగిలింది, సారు" అంది మళ్లీ. ఆయన ఏమీ ముట్టలేదు. "గిప్పుడు గూడ తగిలింది. మంచిగ తగుల్తున్నది." పరీక్షలో తప్పుతామని భయపడే చిన్నపిల్లలా గబగబా చెబుతూనే ఉంది. డాక్టర్ దారం పక్కన పెట్టి నా వైపు చూశాడు. నేను గోడ వైపు తిరిగాను. అట్లాంటి ఏడుపు నేను మళ్లీ ఎప్పుడూ ఏడవలేదు.

వరండాలోకి పిలిచి చెప్పాడు. రెండు వేళ్లు పోయినట్టే. లోపల చీము ఎంత దూరం పోయిందో కోసి చూస్తే కానీ తెలియదు. పాదం మిగిలితే అదృష్టం, లేదంటే ప్రాణం కోసం పైకి పోవాల్సి రావచ్చు. "ఎక్కడిదాక, సారు?" అని బాపు అడిగాడు. డాక్టర్ తన కాలి మీద చేత్తో చూపించాడు. మోకాలి కిందికి. ఒప్పుకోలు కాగితం మీద బాపు వేసిన వేలిముద్ర చెదిరింది, మళ్లీ వేయించారు.

అవ్వకు రెండు వేళ్ల సంగతి మాత్రమే చెప్పాం. ఆమె నమ్మలేదు. లోపలికి తీసుకుపోతుంటే నా చేయి పట్టుకుని, "మా అక్కకు కూడ గట్లనే జెప్పిన్రు" అంది. తలుపు మూసుకుంది. బయట రోడ్డు మీద ఊరేగింపు పోతోంది, డప్పుల మోత. తెలంగాణ రావాలని నాకూ ఉంది. కానీ ఆ కాసేపు నాకు ఏ రాష్ట్రమూ అక్కర్లేదు, మా అవ్వ కాలు తప్ప. ఎవరేమనుకున్నా సరే, అదే నిజం.

డాక్టర్ బయటికి వచ్చి, పాదం నిలిచింది అన్నాడు. రెండు వేళ్లూ, కొంచెం కండా తీశారు. బాపు ఆయన చేతులు పట్టుకోబోయి, మళ్లీ ఎందుకో ఆగి, తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

మంచం దగ్గరికి పోయేసరికి అవ్వ మెలకువగానే ఉంది. నడుముకు మత్తు ఇచ్చారు, కింది భాగం ఇంకా తెలియదు. మెడ దాకా దుప్పటి కప్పారు. ఆమె కళ్లు పైకప్పు మీద ఉన్నాయి, కిందికి దించడం లేదు.

"కాలు ఉన్నదా, బిడ్డా?"

"ఉన్నదవ్వా."

"అబద్ధం జెప్పకు. నాకు తెలుస్తలేదు."

"నా మీద ఒట్టు, ఉన్నది. నువ్వే సూస్కో."

ఆమె చూడలేదు. దుప్పటి కింద చెయ్యి మాత్రం కదిలింది. తొడ మీదుగా మెల్లగా జరిగి మోకాలి దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. మోకాలి చిప్పను గుప్పిట్లో పట్టుకుని అట్లాగే ఉంది, దానికి కింద ఏముందో తెలుసుకునే ధైర్యం లేక. నేను దుప్పటి కింద చెయ్యి పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని కిందికి జరిపాను. పిక్క. కాలి ఎముక. చీలమండ. కట్టు.

అవ్వ గట్టిగా ఊపిరి వదిలింది. కట్టును ఒకటికి రెండుసార్లు తడిమింది. అప్పుడు కానీ నా ముఖం చూడలేదు. కళ్ల వెంట నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి.

"చెయ్యికి తగుల్తున్నది, బిడ్డా" అంది చిన్నగా. "కాలుకే తగుల్తలేదు. మత్తు ఇయ్యకముందు గూడ తగలలే, ఎప్పటిసంది తగుల్తలేదో నాకే యాదికి లేదు. గీ ముచ్చట డాక్టర్‌కు చెప్పకు. తెలిస్తే మొత్తం తీస్తడు."

"చెప్పనవ్వా" అన్నాను.